ఎక్సెల్‌లో 7.27, చేత్తో వేస్తే 8.14: మిషన్ ఎన్‌పీవీలో ఏది సరి?

యంత్రశాల:
కొత్త మిషన్ కొనాలా వద్దా అని ఎన్‌పీవీ (రాబోయే డబ్బుని నేటి విలువకి తగ్గించి, పెట్టుబడి తీస్తే మిగిలేది) వేస్తున్నాం. పెట్టుబడి 100 లక్షలు, ఇప్పుడే పెట్టాలి. పన్ను పోను ఏడాదికి 30 లక్షల చొప్పున 5 ఏళ్ళు వస్తుంది. నేటి విలువకి తగ్గించే రేటు 12%. చేత్తో వేస్తే 8.14 లక్షలు వస్తోంది, ఎక్సెల్ 7.27 చూపిస్తోంది. ఏది నమ్మాలి? ఇంకో మూడు సందేహాలు కూడా ఉన్నాయి. సరుకు నిల్వకీ, అరువు మీద అమ్మేదానికీ 15 లక్షల వర్కింగ్ క్యాపిటల్ కావాలి, దాన్ని ఖర్చులో వేయాలా? 60 లక్షలు 10% వడ్డీకి లోను తీసుకుంటున్నాం, ఆ వడ్డీని 30లోంచి తీసేయాలా? 139 లక్షల మిషన్ ఇంకోటి చూశాం. రాబడి అదే 30, కానీ 8 ఏళ్ళు నడుస్తుంది. ఈ రెండింటినీ ఎలా పోల్చాలి?

షీట్‌మాస్టర్:
8.14 సరైనది. ఎక్సెల్‌లో ఎన్‌పీవీ ఫంక్షన్ మొదటి సెల్‌లో ఉన్నది ఏడాది చివర వచ్చే డబ్బు అనుకుంటుంది. మీరు మైనస్ 100ని కూడా రేంజ్‌లో పెట్టారు, దాంతో వరస మొత్తం ఒక ఏడాది వెనక్కి జరిగింది. 8.14ని 1.12తో భాగించండి, 7.27 వస్తుంది. పెట్టుబడి సెల్‌ని రేంజ్ బయట ఉంచి, ఫంక్షన్ ఇచ్చిన జవాబుకి విడిగా కలపాలి.

ఇంతకంటే ప్రమాదం ఖాళీ సెల్. మూడో ఏడు రాబడి లేదనుకోండి, సున్నా కొట్టకుండా సెల్ ఖాళీగా వదిలేస్తే ఎక్సెల్ దాన్ని లెక్కలోకే తీసుకోదు. నాలుగో ఏడు డబ్బు మూడో ఏడు వచ్చినట్టు, ఐదోది నాలుగో ఏడు వచ్చినట్టు అయిపోతుంది. మీ అంకెలతోనే వేస్తే అసలు విలువ 86.79 కావాల్సింది 91.12 చూపిస్తుంది. 4 లక్షల పైన తేడా, ఎర్రర్ మాత్రం ఎక్కడా కనిపించదు.

తేదీలు కచ్చితంగా తెలిస్తే ఎక్స్‌ఎన్‌పీవీ వాడండి. కానీ అక్కడ పద్ధతి తిరగబడుతుంది. అది మొదటి తేదీ డబ్బుని డిస్కౌంట్ చేయదు (నేటి విలువకి తగ్గించదు) కాబట్టి పెట్టుబడి రేంజ్ లోపలే ఉండాలి. బయట పెడితే మొదటి ఏడాది రాబడి నేడే వచ్చినట్టు అవుతుంది.

పద్దుపుస్తకం:
సెల్స్ సంగతి తర్వాత. ఆ 30 లాభమా, నగదా? "పన్ను పోను" అన్నారు గానీ తరుగుదల (మిషన్ అరుగుదలకి పుస్తకాల్లో ఏటా రాసే ఖర్చు) వెనక్కి కలిపారో లేదో రాయలేదు. 100 లక్షల మిషన్‌కి 5 ఏళ్ళ సమాన తరుగుదల అంటే ఏడాదికి 20. అది చేతిలోంచి పోయే డబ్బు కాదు. 30 అన్నది పన్ను తర్వాత లాభమైతే నగదు 50. ఒకవేళ తరుగుదలని అసలు ఎక్కడా చూడకుండా పన్ను వేసి ఉంటే, 25% పన్ను అనుకున్నా ఏడాదికి 5 లక్షల పన్ను ఆదా వదిలేసినట్టే. దాని నేటి విలువ 18 లక్షలు. మీ 8.14 కంటే రెట్టింపు పైన! ఈ ఒక్క ముక్క తేలకుండా మిగతాదంతా మాట్లాడి లాభం లేదు.

కిస్తీ:
వడ్డీ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. తీసేయాల్సిందే. బ్యాంకు వాయిదా ఖాతాలోంచి పోతుంది. పోయే డబ్బుని పోనట్టు రాస్తే దాన్ని నగదు లెక్క అని ఎలా అంటారు?

మూలధనం:
తీయకూడదు. ఆ 12%లోనే వడ్డీ ఉంది. మళ్ళీ 30లోంచి తీస్తే ఒకే వడ్డీని రెండుసార్లు కట్టినట్టు.

చిన్న లెక్క చూడండి. నేడు 100 పెడితే ఏడాదికి 112 వస్తుంది. అందులో 60 అప్పు, 10% వడ్డీకి. 40 సొంతం, యజమాని 15% ఆశిస్తాడు. పన్ను లేదనుకుందాం. సగటు రేటు 60% మీద 10, 40% మీద 15, అంటే 12%. 112ని 1.12తో భాగిస్తే 100. ఎన్‌పీవీ సున్నా. అప్పిచ్చినవాడికి అతని 10, యజమానికి అతని 15 సరిగ్గా ముట్టాయి. ఇప్పుడు మీరన్నట్టు వడ్డీ 6 తీసేస్తే 106, దాన్ని 1.12తో భాగిస్తే 94.64. ఎన్‌పీవీ మైనస్ 5.36. అందరికీ రావాల్సింది వచ్చిన ప్రాజెక్టుని నష్టమని కొట్టేశారు.

కిస్తీ:
ఏడాది లెక్క చూపించి గెలిచామనుకుంటే ఎలా? అసలూ వడ్డీ రెండూ తీసి చూసే పద్ధతి ఉంది. అది తప్పా?

మూలధనం:
తప్పని నేను అనలేదు. అలా తీస్తే రేటు కూడా మారాలి. పెట్టుబడి 40 మాత్రమే, ఏడాది చివర 112లోంచి అసలూ వడ్డీ కలిపి 66 పోతే 46 మిగులు. దాన్ని 15%తో డిస్కౌంట్ చేస్తే 40. మళ్ళీ ఎన్‌పీవీ సున్నాయే. అందరి డబ్బుకీ సగటు రేటు, యజమాని డబ్బుకి యజమాని రేటు. మీరు ఇక్కడి అంకెని అక్కడి రేటుతో కలిపేస్తున్నారు. వందల మోడళ్ళు చూసిన మాట చెబుతున్నా, ప్రతిపాదనల్లో ఇంత ఎక్కువగా దొరికే తప్పు ఇంకోటి లేదు.

కిస్తీ:
వందల మోడళ్ళ సంగతి ఇక్కడ ఎవరూ అడగలేదు. లెక్కతో మాట్లాడండి చాలు. వడ్డీకి పన్ను రాయితీ ఉంది కదా, అది మీ లెక్కలో ఎక్కడ?

మూలధనం:
రేటులో. పన్ను 25% అయితే అప్పు ఖర్చు 10 కాదు, 7.5. సగటు రేటు 12 నుంచి 10.5కి దిగుతుంది. అందుకే నగదు వైపు పన్ను వేసేటప్పుడు అప్పు లేదన్నట్టే వేయాలి, వడ్డీని మినహాయించి వేయకూడదు. అక్కడా మినహాయించి ఇక్కడా రేటు తగ్గిస్తే అదే రాయితీ రెండుసార్లు. యంత్రశాల గారూ, మీ 12% పన్ను రాయితీ చూశాక వచ్చిందా, ముందుదా? 10.5 అయితే మీ ఎన్‌పీవీ 8.14 కాదు, 12.29.

నికరం:
ఇద్దరూ 60కి 40 అని పట్టుకున్నారు. ఈ ఒక్క మిషన్‌కి బ్యాంకు ఎంత ఇచ్చిందన్నదాన్ని బట్టి రేటు కట్టకూడదు. అలా అయితే పూర్తిగా అప్పుతో కొన్న పనికిమాలిన మిషన్ బాగున్నట్టూ, సొంత డబ్బుతో కొన్న మంచి మిషన్ దండగ అన్నట్టూ కనిపిస్తుంది. సంస్థ దీర్ఘకాలం నిలుపుకోవాలనుకునే అప్పు–సొంతం నిష్పత్తి తీసుకోవాలి, అదీ మార్కెట్ విలువల మీద. ఈ పని మామూలు వ్యాపారం కంటే రిస్కు ఎక్కువదైతే సంస్థ సగటు రేటు కూడా సరిపోదు.

కిస్తీ:
సరే, రేటు విషయం ఒప్పుకుంటున్నా. కానీ ఎన్‌పీవీ ప్లస్ వచ్చినంత మాత్రాన వాయిదాలు కట్టగలమని కాదు. 60 లక్షలు మూడేళ్ళలో సమానంగా తీర్చాలంటే మొదటి ఏడు అసలు 20, వడ్డీ 6, మొత్తం 26. వచ్చే 30లో మిగిలేది 4. మొదటి ఏడు మిషన్ సగమే నడిచి 15 వస్తే 11 లక్షలు ఎక్కడినుంచి తెస్తారు? ఎన్‌పీవీ షీటు ఈ మాట చెప్పదు.

మూలధనం:
ఇది నిజం. దానికి నెలవారీ నగదు షీటు విడిగా వేయాలి. ఎన్‌పీవీ షీటులోకి మాత్రం తేవద్దు.

గడువుతేదీ:
ఐదేళ్ళూ అదే 30 ఎలా? ధరలు పెరగవా? ఆ 30 నేటి ధరల్లో వేసిందైతే 12%తో డిస్కౌంట్ చేయడమే తప్పు. 12%లో ద్రవ్యోల్బణం కలిసి ఉంది. ఫిషర్ సూత్రం ప్రకారం ద్రవ్యోల్బణం 5% అయితే 1.12ని 1.05తో భాగించాలి, నిజ రేటు 6.67% వస్తుంది. 12లోంచి 5 తీసి 7 అనేస్తారు చాలామంది, అది ఉజ్జాయింపు మాత్రమే. 6.67%తో వేస్తే ఇదే మిషన్ ఎన్‌పీవీ 24.11. మూడింతలు!

పద్దుపుస్తకం:
ఆగండి, ఇంత తేలిగ్గా మార్చేయకండి. తరుగుదల కొన్న ధర మీద లెక్క కాబట్టి దాని పన్ను ఆదా ధరలతో పాటు పెరగదు. దాన్ని కూడా 6.67%తో డిస్కౌంట్ చేస్తే విలువ ఉబ్బిపోతుంది. వర్కింగ్ క్యాపిటల్ కూడా 15 దగ్గర ఆగదు. సరుకు ధర 5% పెరిగితే అదే నిల్వకి రెండో ఏడు ఇంకో 0.75 లక్షలు పెట్టాలి. అందుకే పద్దు పద్దుకీ పెరుగుదల వేసి, ఆ ఏడాది నిజంగా చేతులు మారే అంకె రాసి, 12%తో డిస్కౌంట్ చేయడం మేలు. జీతాలు ఒక వేగంతో పెరుగుతాయి, కరెంటు ఇంకో వేగంతో. అన్నిటికీ ఒకే 5% వేసి కూర్చోవద్దు.

గడువుతేదీ:
నేను చెప్పింది సూత్రం. ప్రతి పద్దుకీ పెరుగుదల రేటు ఊహించడం మొదలెడితే ఊహల మీద ఊహలవుతాయి.

పద్దుపుస్తకం:
ఊహ రాయకపోతే సున్నా అని ఊహించినట్టే కదండీ.

షీట్‌మాస్టర్:
డబ్బు ఏడాది చివర ఒక్కసారే రాదు, పొడుగునా వస్తుంది. ఏడాది మధ్యలో వచ్చినట్టు వేస్తే రాబడి విలువని 1.12 వర్గమూలంతో, అంటే 1.0583తో గుణించాలి. 108.14 కాస్తా 114.45 అవుతుంది, ఎన్‌పీవీ 14.45.

నికరం:
అది వాడితే అన్ని ప్రాజెక్టులకీ వాడాలి. ఆమోదం రావట్లేదని ఒక్కదానికే వాడటం మోసం. చివర తిరిగొచ్చే వర్కింగ్ క్యాపిటల్‌నీ, మిషన్ అమ్మిన డబ్బునీ ఆ 1.0583తో గుణించకండి. అవి వచ్చేది ఆఖర్నే.

సూటిబాట:
ఇంత తలనొప్పి ఎందుకు? ఐఆర్ఆర్ (ఎన్‌పీవీని సున్నా చేసే రేటు) చూడండి. ఈ మిషన్‌ది 15.24%. 12 కంటే ఎక్కువ, కొనేయండి.

మూలధనం:
ఐఆర్ఆర్ ఎప్పుడూ ఒకటే ఉంటుందని ఎవరు చెప్పారు? నేడు మైనస్ 100, ఏడాదికి ప్లస్ 230, రెండేళ్ళకి మైనస్ 132 అనుకోండి. గని మూసి నేల చదును చేసే ఖర్చు చివర్లో వచ్చే పనులన్నీ ఇలాగే ఉంటాయి. దీనికి 10% ఒక ఐఆర్ఆర్, 20% ఇంకోటి. ఎక్సెల్ మీరిచ్చిన ఊహా రేటు దగ్గర మొదలెట్టి ఏదో ఒకటే చూపిస్తుంది. ఎన్‌పీవీ 15% దగ్గర ప్లస్ 0.19, 5% దగ్గర మైనస్ 0.68. చౌకగా డబ్బు దొరికినప్పుడు నష్టం, ఖరీదైనప్పుడు లాభం! ఐఆర్ఆర్ ఒక్కటే చూస్తే ఇది కనబడదు.

సూటిబాట:
అడిగినవాళ్ళ మిషన్‌కి చివర్లో మైనస్ లేదు. లేని గనిని తవ్వి నన్నెందుకు తప్పుపడతారు?

మూలధనం:
వాళ్ళ రెండు మిషన్లలో ఒకటే ఎంచుకోవాలి. అక్కడా శాతం దారి తప్పిస్తుంది. చిన్న పెట్టుబడి మీద పెద్ద శాతం కంటే పెద్ద పెట్టుబడి మీద కాస్త తక్కువ శాతం ఎక్కువ డబ్బు తేవచ్చు.

యంత్రశాల:
30 నగదే, తరుగుదల చూశాకే వచ్చిన అంకె. 12% కూడా పన్ను రాయితీ చూశాక కట్టిందే. అందరికీ కృతజ్ఞతలు. వర్కింగ్ క్యాపిటల్, 8 ఏళ్ళ మిషన్ సంగతి ఎవరైనా చెప్పగలరా?

నికరం:
15 ఖర్చు కాదు, ఇరుక్కుపోయే డబ్బు. నేడు మైనస్ 15 రాసి, ఐదో ఏడు చివర ప్లస్ 15 రాయండి. ఆ ప్లస్ 15 నేటి విలువ 8.51, కాబట్టి అసలు భారం 6.49. ఎన్‌పీవీ 8.14 నుంచి 1.65కి దిగుతుంది. తిరిగి రావడం మర్చిపోతే మైనస్ 6.86 అయి మంచి మిషన్ పోతుంది.

8 ఏళ్ళదానికి 12% యాన్యుటీ ఫ్యాక్టర్ (ఏటా 1 చొప్పున అన్నేళ్ళూ వచ్చేదాని నేటి విలువ) 4.9676. 30తో గుణిస్తే 149.03, 139 తీస్తే 10.03. 8.14 కంటే ఎక్కువే, కానీ 8 ఏళ్ళ మీద వచ్చింది. ఎన్‌పీవీని దాని ఫ్యాక్టర్‌తో భాగించి ఏడాదికి ఎంతో చూడండి. 8 ఏళ్ళది 10.03 బై 4.9676, అంటే 2.02. ఐదేళ్ళది 8.14 బై 3.6048, అంటే 2.26. వర్కింగ్ క్యాపిటల్ రెండింటికీ ఏడాదికి 15 మీద 12%, అంటే 1.8 తినేస్తుంది. మిగిలేది 0.22, 0.46. ఐదేళ్ళదే మేలు.

గడువుతేదీ:
ఐదేళ్ళ తర్వాత అదే ధరకి అలాంటి మిషనే మళ్ళీ కొని నడిపిస్తేనే ఆ మాట. ఆ సరుక్కి గిరాకీ ఎనిమిదేళ్ళే ఉంటుందనుకుంటే ఏడాది లెక్క పనికిరాదు. ఐదేళ్ళ మిషన్ తర్వాత మూడేళ్ళు ఏం చేస్తారో రాసి, రెండింటినీ ఎనిమిదేళ్ళకి వేసి పోల్చాలి.

కిస్తీ:
ఆ 1.65 చూసి ధైర్యపడకండి. వర్కింగ్ క్యాపిటల్ కలిపాక సున్నాకి రావడానికి ఏడాదికి 29.54 చాలు. అంటే రాబడి ఒకటిన్నర శాతం తగ్గితే లాభమంతా పోయినట్టే. మొదటి ఏడు బిగింపు, ట్రయల్ రన్‌లు, తిరిగొచ్చిన సరుకు అంటూ 15 మాత్రమే వస్తే 13.39 లక్షల నేటి విలువ పోతుంది. రేటు 12 అయినా 11 అయినా అంత తేడా చేయదు, మొదటి ఏడు చేస్తుంది.

పద్దుపుస్తకం:
ఐదో ఏడు 15 మొత్తం వెనక్కి వస్తుందని ఎందుకు అనుకోవాలి? నిల్వలో కదలని సరుకు, వసూలు కాని బాకీలు పోగా 12 వస్తే, ఆ రద్దుకి పన్ను మినహాయింపు చూడకుండా లెక్కేస్తే, పోయే 3 లక్షల నేటి విలువ 1.70. ఎన్‌పీవీ మైనస్ 0.05. ఇంకో పక్క మిషన్ అమ్మితే వచ్చేది మీ షీటులో అసలు లేదు. పుస్తక విలువ (కొన్న ధరలోంచి తరుగుదల తీస్తే మిగిలేది) అప్పటికి సున్నా కాబట్టి అమ్మిన ధర మొత్తం మీద పన్ను పడుతుంది. 8 లక్షలకి పోతే 25% పన్ను పోను 6, నేటి విలువ 3.40. విప్పి దింపే ఖర్చు అందులోంచి తీయండి.

యంత్రశాల:
మిషన్ అమ్మకం సెల్ ఖాళీగానే వదిలేశాం. పాత మిషన్లు కొనేవాళ్ళ దగ్గర 5 ఏళ్ళదానికీ, 8 ఏళ్ళదానికీ ధర అడిగి, విప్పే ఖర్చుతో సహా రెండు షీట్లూ మళ్ళీ వేసి ఇక్కడే పెడతాం. మొదటి ఏడు 15, 20, 25 వస్తే ఎలా ఉంటుందో కూడా వేస్తాం.