నాలుగు ఫ్యాన్లున్నా ప్రాసెసర్ 95 డిగ్రీలకు పోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
రెండేళ్ల కిందట నేనే అసెంబుల్ చేసుకున్న పీసీ. మొదట్లో ఎంత పని చెప్పినా ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటేది కాదు. ఇప్పుడు వీడియో రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైల్‌గా తయారుచేసే పని) పెట్టిన ఐదు నిమిషాలకే 95కి చేరి, క్లాక్ స్పీడ్ (ప్రాసెసర్ పనిచేసే వేగం) పడిపోయి, గంటలో అయ్యే పని ఎప్పటికి తెములుతుందో తెలియకుండా ఉంది. ప్రాసెసర్ మీద టవర్ కూలర్ (ఫ్యాన్ బిగించిన నిలువు లోహపు రెక్కల కట్ట), ముందు రెండు 120 ఎంఎం ఫ్యాన్లు, వెనక ఒకటి, పైన ముందువైపు ఒకటి. ముందు ప్యానెల్ అంతా గాజు, పక్కన సన్నటి సందు మాత్రమే. ఇంకో రెండు ఫ్యాన్లు కొనాలా, లిక్విడ్ కూలర్ పెట్టాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఇప్పుడే ఏమీ కొనకండి. సైడ్ ప్యానెల్ తీసేసి అదే రెండర్ అంతేసేపు నడపండి. పది డిగ్రీలో, అంతకన్నా ఎక్కువో తగ్గితే కేస్‌లోకి చల్లగాలి అందడం లేదన్నమాట. రెండు మూడు డిగ్రీలే తేడా వస్తే కూలర్ విప్పి చూడాలి, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడి దాటడానికి పూసేది) ఎండిపోయి ఉండొచ్చు, స్క్రూలు ఒకవైపే బిగిసి ఉండొచ్చు. రెండుసార్లూ గది ఒకే వేడిలో ఉండాలి. గది ఐదు డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసరూ దాదాపు అంతే పెరుగుతుంది, లిక్విడ్ కూలర్ ఉన్నా సరే, ఎందుకంటే అదీ చివరికి వేడిని ఆ గాలిలోకే వదలాలి.

ప్రశ్న అడిగినవారు:
చేశాను. మూస్తే 95, తెరిస్తే 81. ఇలా తెరిచే వాడుకోవచ్చా?

జవాబు 2:
వద్దు, ఫిల్టర్ లేకుండా దుమ్మంతా నేరుగా లోపలికి పోతుంది. మీ కూలర్ బాగానే పనిచేస్తోంది, దానికి మంచి గాలి ఇవ్వాలి అంతే. గాజు వెనకున్న ఫిల్టర్ ఎప్పుడైనా కడిగారా? అసలే సన్నటి సందు, దానికి తోడు రెండేళ్ల దుమ్ము. కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఇక ఆ పైన ముందువైపు ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంటే మాత్రం అదే మీకు నష్టం చేస్తోంది, ముందునుంచి వచ్చే చల్లగాలి కూలర్‌ను చేరకముందే దాన్ని పైకి లాగేస్తుంది. దాన్ని వెనకవైపుకు జరపండి, లేదా తీసేయండి. ఏ ఫ్యాన్ ఎటు ఊదుతోందో అనుమానం ఉంటే ఫ్రేమ్ చూడండి: మోటార్‌ను పట్టి ఉంచే అడ్డపట్టీలు ఎటువైపు ఉంటే గాలి అటువైపే బయటికొస్తుంది. టిష్యూ కాగితం పెట్టినా తెలిసిపోతుంది.

జవాబు 3:
పై మాటలన్నీ సరైనవే. కూలర్ రెక్కల్లో దుమ్ము ఊదేటప్పుడు పీసీ ఆపేసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి, అతివేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. అలాగే బయోస్‌లో (పీసీ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో) ముందు ఫ్యాన్ల వేగం తక్కువలో ఆగిపోయి ఉందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఫిల్టర్ తీస్తే బూడిద రంగు దుప్పటిలా ఉంది! కడిగి, పై ఫ్యాన్ వెనక్కి జరిపాను. సైడ్ ప్యానెల్ మూసే ఉంచి అదే రెండర్ నడిపితే 86 దగ్గర ఆగింది, స్పీడ్ పడలేదు. ముందు గాజు తీసి, ఫిల్టర్ మాత్రం ఉంచితే 82. ఇక ఆ గాజు మళ్లీ పెట్టను, దాని బదులు జాలీ ప్యానెల్ దొరుకుతుందేమో వెతుకుతున్నాను.