స్లిప్ టెస్టు పేపరు మీద ముందు మార్కు వెయ్యాలా, తప్పు చెప్పాలా? అమలాపురం లెక్కల మాస్టారు, తణుకు టెన్త్ క్లాసు టీచరు, భీమవరం తెలుగు టీచరు మాట్లాడుకున్నారు.

అమలాపురం లెక్కలు: పేపరు చేతికివ్వగానే పిల్లలు చూసేది ఎర్రసిరా అంకెనే. 20కి 11 కనపడ్డాక పక్కన ఏం రాసినా చదవరు. 1988లో రూత్ బట్లర్ అనే విద్యా పరిశోధకురాలు ప్రచురించిన పరిశోధనలో వ్యాఖ్య ఒక్కటే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు, మార్కు కూడా కలిపితే ఆ లాభం పోయింది. అందుకే మొదటిరోజు మార్కు వద్దంటాను.

తణుకు టెన్త్: ఇంట్లో ఒప్పుకోరండి. "ఎన్నొచ్చాయి?" అనే కదా అడుగుతారు. పైగా 40 పేపర్లకి తలా రెండు వాక్యాలు రాస్తే ఎప్పటికి తెములుతుంది?

అమలాపురం లెక్కలు: మార్కు రిజిస్టర్లో ఎక్కించండి, పేపరు మీద మాత్రం రెండ్రోజులు ఆపండి. ఈ లెక్క చూడండి. ఎకరాకి 30 బస్తాలు, బస్తా 75 కిలోలు. ఎకరం 60 సెంట్ల చేలో ఎన్ని క్వింటాళ్లు? 1.6 ఎకరాలకి 1 మార్కు, 48 బస్తాలకి 1, 3,600 కిలోలకి 1, 36 క్వింటాళ్లకి 1. చాలామంది 3,600 దగ్గరే ఆగి పక్కన క్వింటాళ్లని రాసేస్తారు. వాళ్లకి "4కి 3" అంటే ఏం తెలుస్తుంది? "ఇంకా బాగా చదవాలి" అన్నా అంతే. "క్వింటాకి ఎన్ని కిలోలు? ఆఖరి వరుస మళ్లీ చెయ్యి" అని రాస్తే ఏం చెయ్యాలో తెలుస్తుంది.

టైము సంగతంటారా, ముందు పేపర్లని తప్పుల వారీగా దొంతులు పెట్టండి. ఒక క్లాసులో మూడు నాలుగు రకాల తప్పులే ఉంటాయి. పేపరు మీద క, చ, ట అని గుర్తు వేసి, వాటి వివరం బోర్డు మీద రాస్తే సరి. మర్నాడు పీరియడు మొదట్లో 10 నిమిషాలు దిద్దుకోనివ్వాలి. అది ఇవ్వకపోతే పేపరు సంచీలోకి పోతుంది, మన శ్రమంతా దండగ.

భీమవరం తెలుగు: లెక్కలకి మెట్లు కుదురుతాయి మాస్టారూ. వ్యాసానికి "ప్రారంభం 1, ముగింపు 1" అని ముందే చెప్తే 40 మందీ ఒకే ముగింపు రాస్తారు. భాగాలకి మార్కులు పంచడమే అక్కడ తప్పు. గోదావరి వరదల మీద రాసిన రెండు పేరాలు, ఒకటి గట్టిది, ఒకటి డొల్లది, చదివించి ఏది నమ్మించిందో, ఎందుకో వాళ్ల చేతే చెప్పించాలి. "చెప్పిన మాటకి ఉదాహరణ ఉందా?" లాంటి కొలతలు అప్పుడు వాళ్ల నోటి నుంచే వస్తాయి.

తణుకు టెన్త్: దొంతుల పద్ధతి బాగుందండి, స్లిప్ టెస్టులకి ఒప్పుకుంటాను. ప్రీఫైనల్‌కి మాత్రం మార్కు అదే రోజు ఇచ్చి తీరాలి. పబ్లిక్‌కి ముందు ఎక్కడున్నాడో పిల్లాడికి తెలియాలి కదా.