ఇంగ్లిష్ శ్లేష అర్థమవుతుంది, నవ్వు మాత్రం రావడం లేదు

ప్రశ్న (కావలి నుంచి):
డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదువుకుని, ప్రస్తుతం నెల్లూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఇంగ్లిష్ వార్తలూ వ్యాసాలూ ఇబ్బంది లేకుండా చదవగలను గానీ, మాటల చమత్కారం వచ్చిన చోట మాత్రం అందరూ నవ్విన తరువాత నేను నవ్వుతున్నాను. నిన్న ఒకరు ‘సెవెన్ డేస్ వితౌట్ ఫుడ్ మేక్స్ వన్ వీక్’ అన్న వాక్యం పంపించారు. ఏడు రోజులు తిండి లేకపోతే మనిషి నీరసించిపోతాడని అర్థమైంది. అందులో నవ్వవలసినది ఏముందో తెలియలేదు. నిఘంటువు చూసినా ప్రయోజనం లేకపోయింది. ఇటువంటివి పట్టుకునే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పగలరు.

సమాధానం (ఒంగోలు నుంచి):
ఆ వాక్యాన్ని మీరు తెలుగు లిపిలో రాయడంతోనే సగం పని అయిపోయిందండీ. నీరసమనే వీక్‌కూ వారమనే వీక్‌కూ ఇంగ్లిష్‌లో స్పెల్లింగులు వేరు, ఉచ్చారణ ఒకటే. కాగితం మీద కన్ను స్పెల్లింగును చూసి ఒక్క అర్థం దగ్గరే ఆగిపోతుంది. తెలుగులో రాసేసరికి ఆ తేడా చెరిగిపోయి, ఏడు రోజులు కలిస్తే వారం అన్న రెండో అర్థం పైకి వస్తుంది. మన ‘పాలు’ క్షీరమైనా వాటా అయినా రాత ఒకటే కనుక, చెవికి ఒకటిగా, కంటికి రెండుగా ఉండే మాటలు మనకు అలవాటు లేదు.

తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కనుక ఇంకొక్క మాట. పదాన్ని విరిచే చోటు మారినప్పుడు అర్థం మారితే దానిని సభంగ శ్లేష అంటాము. ‘ఐస్ క్రీమ్’ను ‘ఐ స్క్రీమ్’ అని విరిస్తే ‘నేను కేక పెడతాను’ అని అర్థం వస్తుంది. పిల్లల పాటల్లో కూడా ఈ విరుపు వినిపిస్తుంది. 16వ శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో అవే పద్యాలతో రామకథనూ భారతకథనూ నడిపించాడు. అది చదివిన వారు ఐస్‌క్రీమ్ దగ్గర జంకనక్కరలేదు.

సమాధానం (నెల్లూరు నుంచి):
మాస్టారు గారు చెప్పిన పద్ధతి మంచిదే గానీ, మన ఉచ్చారణతో రాసుకుంటే ఒక్కోసారి మోసపోతాము. పువ్వును ఫ్లవర్ అనీ, పిండిని ఫ్లోర్ అనీ మనలో చాలామంది పలుకుతారు. ఇంగ్లిష్‌వారు మాత్రం రెండింటినీ ఒకేలా పలుకుతారు. అందువల్ల ముందు నిఘంటువులోని ఉచ్చారణ విని, ఆ తరువాత రాసుకోండి.

రాత కూడా ఒకటే అయిన చోట లిపి సాయపడదు. బ్యాంకు ఉద్యోగం మానేసినవాడు కారణం అడిగితే ‘ఐ లాస్ట్ ఇంట్రెస్ట్’ అన్నాడట. వడ్డీనీ, ఆసక్తినీ మనం కూడా రోజూ ఇంట్రెస్ట్ అనే అంటున్నాము, అయినా ఆ రెండింటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. అక్కడ రెండో అర్థాన్ని నిద్రలేపేది ముందు వచ్చిన బ్యాంకు అన్న మాట. కనుక చివరి మాట మామూలుగా తోచినప్పుడు, వెనక్కి వెళ్లి దానికి చుట్టమయ్యే మాట ఏదైనా ఉందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. వెనక్కి వెళ్లి చూస్తే ‘వన్’ కూడా రెండు పనులు చేస్తోంది: నీరసించే మనిషీ అదే, ‘ఒక’ వారంలోని ఒకటీ అదే. ఈసారి ఎవరూ చెప్పకుండానే నవ్వు వచ్చింది.