దయతో ఇచ్చిన అభయం న్యాయానికి ఉదాహరణ అవుతుందా?

హనుమకొండలో జరిగే పీజీ సెమినార్ కోసం, న్యాయం లేని ప్రభుత్వానికి పాలించే అర్హత ఉంటుందా అనే అంశంపై పత్రం రాస్తున్నాను. న్యాయం తీసేస్తే రాజ్యాలు పెద్ద దోపిడీ ముఠాలేనన్న ప్రాచీన క్రైస్తవ తత్వవేత్త అగస్టీన్ వాదానికి జోడుగా, ఓరుగల్లు పాలకుడు గణపతిదేవుడు 1244-45లో వేయించిన మోటుపల్లి రేవు అభయశాసనాన్ని (సముద్ర వర్తకులకు రక్షణ హామీ ఇచ్చే రాతిశాసనం) తీసుకున్నాను. ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సరుకును పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం మినహా అంతా వదిలేస్తున్నానని అందులో రాజు ప్రకటించాడు. చిక్కల్లా ఏమిటంటే, అందుకు చెప్పిన కారణాలు దయ, కీర్తి, ధర్మం మాత్రమే. వర్తకుల హక్కు ప్రస్తావన లేదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయమూ చూశాను. రక్షించకుండా పన్ను వసూలు చేసే రాజు నరకానికి పోతాడన్న హెచ్చరిక (వర్తకుడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు) దొరికింది గానీ, అతని అధికారమే చెల్లదన్న మాట అక్కడ కనిపించలేదు. అన్యాయంగా పాలించే రాజుకు ప్రజలు విధేయులుగా ఉండనక్కర్లేదని నేరుగా చెప్పే శాసనం గానీ ప్రాచీన గ్రంథభాగం గానీ ఏదైనా ఉందా?