స్పిన్‌లో నీళ్లను బయటికి నెట్టేది అపకేంద్ర బలమేనా?

(గిరక, ఇరుసు, బొంగరం, లోలకం: చర్చలో నలుగురి పేర్లు. అపకేంద్ర బలం: తిరిగే వస్తువును కేంద్రం నుంచి బయటికి నెడుతున్నట్టు అనిపించే బలం.)

గిరక: ముందు తలుపున్న వాషింగ్ మెషీన్. డ్రమ్ము వ్యాసార్థం 25 సెం.మీ., స్పిన్‌లో నిమిషానికి 1200 చుట్లు. తడి బట్టలోని నీటిని రంధ్రాల్లోంచి నెట్టే బలం ఏది?

ఇరుసు: ఏదీ నెట్టదు. కోణీయ వేగం సెకనుకు 125.7 రేడియన్లు. దాని వర్గాన్ని 0.25తో గుణిస్తే త్వరణం దాదాపు 3950 మీ/సె², అంటే గురుత్వానికి 400 రెట్లు. బట్టను అంత గట్టిగా లోపలికి మళ్లించేది డ్రమ్ము గోడ. రంధ్రం దగ్గర గోడ లేదు, చుక్కను పట్టి ఉంచే సత్తా పోగులకు లేదు. చుక్క స్పర్శరేఖ వెంట వెళ్లిపోతుంది.

బొంగరం: 100 గ్రాముల తడి తువ్వాలు 395 న్యూటన్లతో గోడకు అదుముకుంటుంది. బలం లేకుండానే?

ఇరుసు: అది బట్ట గోడ మీద చూపే బలం. బట్ట మీద ఉన్నది అంతే బలం, లోపలికి. తాడు కట్టి తిప్పే రాయినే చూడండి, తాడు తెగితే...

లోలకం: స్పర్శరేఖే.

బొంగరం: మళ్లీ తాడు! పోయిన చర్చలోనూ ఇంతే, నేనడిగింది వదిలేసి తాడుకే జవాబు చెప్పారు. డ్రమ్ముతో పాటు తిరిగే కెమెరాలోంచి చూడండి. రంధ్రం దాటిన చుక్క మొదట నేరుగా బయటికే కదులుతుంది, తర్వాతే తిరిగే దిశకు ఎదురుగా వంగుతుంది. మొదటిది అపకేంద్రం, ఆ వంపు కోరియాలిస్ (తిరుగుతూ చూసేవారికి, కదిలే వస్తువును పక్కకు తిప్పుతున్నట్టు కనిపించే బలం).

ఇరుసు: తిరిగే చట్రం, అంటే డ్రమ్ముతో పాటు తిరుగుతూ చూసే చూపు, అని మొదటే చెప్పాల్సింది! నా కోపం "అపకేంద్రం" అనే పదం మీద కాదు. నేల మీంచి చూస్తూ లోపలికో బాణం, బయటికో బాణం గీసి, రెండూ రద్దయ్యాయి కాబట్టి వృత్తంలో తిరుగుతోందని రాస్తారే, దాని మీద. నికర బలం సున్నా అయితే వస్తువు సరళరేఖలో పోవాలి.

బొంగరం: ఆ పటం తప్పే. కానీ "అలాంటి బలమే లేదు" అని కొట్టిపారేస్తే డ్రమ్ములో కూర్చుని లెక్క కట్టే దారే మూసేసినట్టు. అక్కడ బట్ట కదలదు. రెండు బాణాలూ గీయాలి, మొత్తం సున్నా రావాలి.

ఇరుసు: గీయండి. పటం కింద "డ్రమ్ము చట్రం" అని రాయండి, చాలు.

లోలకం: మరి ఉతికేటప్పుడు బట్ట కింద పడుతుందేం?

బొంగరం: నిమిషానికి 60 చుట్ల దగ్గర గోడ వద్ద ఆ త్వరణం దాదాపు గురుత్వమంత. 50 చుట్లకు అందులో 0.69 వంతే. డ్రమ్ము లోపలి గట్లు ఎత్తుకుపోయిన బట్ట, డ్రమ్ము ఇరుసు మట్టానికి 44 డిగ్రీలు పైకెక్కేసరికి గోడ ఒత్తిడి సున్నా అయి నీళ్లలో పడుతుంది. ఉతుకంటే అదే. 60 దాటితే గోడకు అంటుకుని తిరుగుతుంది, మురికి వదలదు.

ఇరుసు: 60 గోడకు ఆనుకున్న పల్చటి బట్టకు. లోపలి వరుసలో, 20 సెం.మీ. దగ్గర ఉన్నదానికి 67 కావాలి.