మామిడికి ఎల్విష్‌లో మాట లేదు. మనం పుట్టించవచ్చా?

తోటమాలి

నాకొక సాయం కావాలి, ఒక అనుమానం కూడా తీరాలి.

నా చిన్ననాటి స్నేహితురాలికి మాఘమాసంలో పెళ్ళి. ఇద్దరం నూజివీడు దగ్గర మా తాతయ్య మామిడి తోటలో ఆడుకుంటూ పెరిగాం. ఇంటర్ సెలవుల్లో ఇంగ్లీషు రచయిత టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ నవలలు ఒకరి తర్వాత ఒకరం చదివింది కూడా ఆ చెట్ల కిందే. ఆయన తన కథల్లోని ఎల్ఫ్ జాతి కోసం కల్పించిన ఎల్విష్ భాషల్లో ఒకటైన క్వెన్యాలో "మామిడి చెట్టు కింద మన కలయిక" అని టేకు పలక మీద చెక్కించి ఇవ్వాలని నా ఆశ.

చెట్టుకు "అల్ద" ఉంది. కిందకు "ను" ఉంది. మన కలయిక అన్నది ఆయన రాసిన పలకరింపులోనే ఉంది: "ఎలెన్ సీల లూమెన్న్ ఒమెంతియెల్వొ", అంటే మన కలయిక వేళ మీద నక్షత్రం వెలుగుతోంది అని. మామిడి దగ్గరే ఆగిపోయాను. నేను వెతికిన ఏ పదకోశంలోనూ దొరకలేదు. "మంగ" అని పెడదామనుకుంటే ఒక మిత్రుడు, "టోల్కీన్ రాయని మాట పెట్టావంటే అది ఎల్విష్ కాదు" అన్నాడు. అప్పటినుంచి అదే టెన్షన్. మాట పుట్టించడం తప్పంటారా?

పాతకాగితం

మీ మిత్రుడి పక్షాన నేను మాట్లాడతానండీ. మీ ఆశను కాదనడానికి కాదు, ఆ భాష మీద గౌరవంతో.

క్వెన్యా పదకోశాన్ని టోల్కీన్ 1915లో మొదలుపెట్టారు. 1973లో పోయేదాకా దాన్ని దిద్దుతూనే ఉన్నారు. అంటే మన చేతిలో ఉన్నది ఒక భాష కాదు, దాదాపు అరవై ఏళ్ళ కొట్టివేతలు. ఒక కాగితంలో ఉన్న ప్రత్యయం ఇంకో కాగితంలో అర్థం మార్చుకుంటుంది. ఇక ఆయన కల్పించిన మరో ఎల్ఫ్ భాష సిందరిన్ సంగతి చూడండి. 1930లలో దాని పేరు నోల్దొరిన్, అది వేరే ఎల్ఫ్ జాతి భాష. ఆ తర్వాత ఆయన దాని చరిత్రనే తిరగరాశారు. ఇప్పుడు అభిమానులు 1915 నాటి పదాన్ని, 1937 నాటి ధాతువును, 1960ల నాటి ప్రత్యయాన్ని కలిపి కుట్టి ఎల్విష్ అంటున్నారు. అలాంటి భాష ఆయన మనసులో ఏ రోజూ లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆ నవలల మీద తీసిన సినిమాల్లో థాంక్స్ చెప్పడానికి "లె హన్నొన్" అంటారు. అది టోల్కీన్ రాసిన వాక్యం కాదు. తన కథల్లోని న్యూమెనార్ అనే ద్వీపం ప్రజలు శరదృతువులో చేసే కృతజ్ఞతా పూజకు ఆయన "ఎరుహంతలె" అని పేరు పెట్టారు. సినిమా సంభాషణలకు అనువాదం చేసిన డేవిడ్ సాలో అందులోంచి "హంతలె" తీసుకుని, సిందరిన్ ధ్వనుల్లోకి మార్చి, క్రియ తయారు చేశారు. ఇప్పుడు లక్షలమంది అది అసలు మాటే అనుకుంటున్నారు. పుట్టించడం కన్నా నాకు బాధ కలిగించేది ఇదే. ఏది ఆయనదో ఏది కాదో చెరిగిపోతోంది.

వెండిఉంగరం

పాతకాగితం గారు చెప్పింది నేను అనుభవించాను. నా నిశ్చితార్థం ఉంగరం లోపల ఎల్విష్ వాక్యం చెక్కించాలని ఒక సైట్‌లో "అనువాదం" చేయించాను. డబ్బు కట్టాను, అక్షరాలు వచ్చాయి, చెక్కించాను. రెండేళ్ళ తర్వాత తెలిసినవారు చదివి చెప్పారు: అది ఇంగ్లీషు వాక్యమే, టోల్కీన్ కల్పించిన టెంగ్వార్ లిపిలో రాసి ఇచ్చారంతే. లిపి వేరు, భాష వేరు అని నాకు అప్పటిదాకా తెలియదు. తెలుగు అక్షరాల్లో "ఐ లవ్ యూ" అని రాస్తే తెలుగు అయిపోదు కదా. ఆ ఉంగరం ఇప్పటికీ వేలికే ఉంది, కానీ చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

తోటమాలి గారూ, చెక్కించే ముందు అడిగారు, మంచిపని చేశారు.

పచ్చజెండా

కల్పిత భాషే అయిన ఎస్పెరాంతోలో కంప్యూటర్‌కు "కొంపుతీలొ" అంటారు. లెక్కించడం, దానికి పనిముట్టు అనే ప్రత్యయం, అంతే. 1887లో ఆ భాషను బయటపెట్టిన జామెన్‌హోఫ్‌కు కంప్యూటర్ సంగతే తెలియదు. ఎవరూ అది ఎస్పెరాంతో కాదనలేదు. క్వెన్యాకు మాత్రం ఈ మడి ఎందుకు?

పాతకాగితం

జామెన్‌హోఫ్ ఆ భాషను జనానికి ఇచ్చేశారండీ, హక్కులు వదులుకున్నారు. జనం మాట్లాడారు, పిల్లలకు నేర్పారు. మన కాలకేయుల కిలికి తీసుకున్నా, దాన్ని కట్టిన మదన్ కార్కీ ఇప్పుడు మన మధ్యే ఉన్నారు, కొత్త మాట కావాలంటే అడగవచ్చు. క్వెన్యా విషయంలో ఇవ్వడమూ జరగలేదు, అడగడానికి మనిషీ లేరు.

మనమూమేమూ

ఆలస్యంగా వచ్చాను. ఇద్దరి వాదనా చదివాక నాకు తోచింది కాస్త వివరంగానే రాస్తాను.

తోటమాలి గారు రాసిన "ఒమెంతియెల్వొ" దగ్గరే మొదలుపెడదాం. 1954లో నవల మొదటి ముద్రణలో అది "ఒమెంతియెల్మొ". రెండో ముద్రణలో "ల్మ" పోయి "ల్వ" వచ్చింది. ఎందుకో ఇంగ్లీషువాళ్ళకు చెప్పాలంటే పేజీ పడుతుంది. మనకు ఒక్క వాక్యం చాలు: క్వెన్యాలో "మనం" వేరు, "మేము" వేరు. వినేవాడిని కలుపుకుంటే ఒక ప్రత్యయం, వదిలేస్తే ఇంకొకటి. ఏది దేనికి అన్నది ఆయన మధ్యలో మార్చారు. మార్చాక "ల్మ" అంటే "మా", "ల్వ" అంటే "మన" అయ్యాయి. దారిలో ఎదురైనవాడిని పలకరిస్తూ "మా కలయిక" అంటే ఎంత ఎబ్బెట్టు! అందుకే అచ్చయిన పుస్తకంలో ఒక్క అక్షరం దిద్దించారు. ఇది చదివిన రోజు నాకు ఆ మనిషి మా వీధిలో మనిషి అనిపించింది.

ఇంకొకటి. ఆయన భక్తుడైన క్యాథలిక్. క్రైస్తవుల పరలోక ప్రార్థనను క్వెన్యాలోకి అనువదించారు, దానికి ఆరు ముసాయిదాలు దొరికాయి, 2002లో అచ్చయ్యాయి. మొదటి మాట "ఆతరెమ్మ". అక్కడ వాడింది "మేము" ప్రత్యయం, ఎందుకంటే దేవుడితో మాట్లాడుతూ దేవుణ్ణి కలుపుకుని "మన తండ్రీ" అనలేం. తెలుగు బైబిల్లోనూ "మా తండ్రీ" అనే ఉంది. ఇంగ్లీషు మాటలో ఈ తేడా కనబడదు. ఆయన కల్పించిన భాష మాత్రం ఆయన్ని ఆగి ఆలోచించమంది.

పాతకాగితం గారికి నా అసలు జవాబు అదే ప్రార్థనలో ఉంది. అందులో అపరాధాలు అని చెప్పాలి. ఆయన వాడింది "ఊకరె". "కర్" అంటే చేయు, ముందున్న "ఊ" చెడు అర్థం ఇస్తుంది. మనం దుష్కార్యం అన్నట్టే. ఈ భాషలో మాట ఇలాగే పుడుతుంది. అనువాదం చేస్తున్నప్పుడు ఖాళీ కనబడితే ధాతువు, ఉపసర్గ, ధ్వని నియమం పట్టుకుని నింపేవారు. ఆ నియమాలన్నీ కాగితం మీద పెట్టిన మనిషి, వాటిని ఎవరూ ముట్టుకోకూడదనే రాశారంటే నేను ఒప్పుకోలేను.

పాతకాగితం

నింపినది ఆయనే కదండీ. రేపు కొట్టేసే అధికారమూ ఆయనదే. మీరు పెట్టిన మాటను కొట్టేసేది ఎవరు?

మనమూమేమూ

ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే నేను పుట్టించిన ప్రతి మాటకూ ముందు చుక్క గుర్తు పెడతాను. భాషాశాస్త్రంలో ఊహించి కట్టిన రూపాలకు అలా పెట్టడం ఉంది కదా. నా తర్వాత చదివేవాళ్ళు మోసపోకూడదు. లె హన్నొన్ విషయంలో మీ బాధ న్యాయమైనదే.

కోనసీమఎల్ఫ్

అసలు మామిడి గురించి ఎవరూ మాట్లాడటం లేదు! రెండు దారులు ఉన్నాయి.

ఒకటి, ఉన్న మాటలతో వర్ణించడం. పండుకు "యావె", పసుపుకు "మలిన". కానీ "మలిన యావె" అని తెలుగువాళ్ళ ఇంట్లో గోడకు తగిలిస్తామా? అక్కడ పసుపు కావచ్చు, మన చెవికి మురికే. పైగా ఆయన కల్పించిన బంగారు మల్లోర్న్ చెట్టుకు క్వెన్యా పేరు "మలినొర్నె", అంటే పసుపు చెట్టు. దాని పండు అనుకుంటారు.

రెండోది, వేరే భాష నుంచి మాటను ఎరువు తెచ్చుకోవడం. దీనికి ఆధారం టోల్కీన్ దగ్గరే ఉంది. ఆయన కథల్లోని మరుగుజ్జులు తమ భాషలో తమను "ఖజాద్" అనుకుంటారు. ఆ మాట క్వెన్యాలోకి వచ్చి "కసర్", సిందరిన్‌లోకి వచ్చి "హధొద్" అయింది. అంటే ఎల్ఫ్‌లు పరాయి మాట తీసుకుని తమ నోటికి తగ్గట్టు తిప్పుకుంటారు. మన పొరుగు భాషల్లోని మాంగాయ్, పోర్చుగీసు మాంగ, ఇంగ్లీషు మ్యాంగో ప్రయాణం కూడా ఇదే. "మంగ" క్వెన్యా నోటికి అతికినట్టు సరిపోతుంది. ఇనుముకు ఆయన పెట్టిన మాట "అంగ" చూడండి, అదే పలుకుబడి. దానికి అల్ద చేరిస్తే "మంగల్ద". మలిన, అల్ద కలిసి "మలినల్ద" అయినట్టే.

సిందరిన్‌లో చేయకండి. చివరి అచ్చు రాలి "మంగ్" అవుతుంది, ముందు "ఇ" చేరితే మ కాస్తా వ అయి "ఇ వంగ్". వంగతోట గుర్తొస్తుంది.

పాతకాగితం

కసర్ ఉదాహరణ నాకు తట్టలేదు. మంచి ఆధారం. కొత్త ధాతువు కల్పించడం కన్నా ఎరువు మాట నిజాయితీగా ఉంటుంది, అది బయటిదని దానంతట అదే చెబుతుంది. అయినా చుక్క గుర్తు ఉండాల్సిందేనని నా పట్టు.

ఒక దిద్దుబాటు. పలకరింపులోని "ల్వ" పదిమంది ఉన్న మనం. మీరు ఇద్దరే. ఆయన తర్వాతి కాగితాల్లో ఇద్దరికి మాత్రమే వాడే "మనం" వేరుగా ఉంది, సంస్కృతంలో ద్వివచనం లాగా. ఆ ప్రత్యయం "ంగ్వ". అది మీరు పుట్టించక్కర్లేదు, ఆయనదే.

తోటమాలి

అందరికీ నమస్కారం. పొద్దున వడ్రంగి దగ్గరికి వెళ్ళొచ్చాను. పలక మీద ఇలా చెక్కమని రాసిచ్చాను:

ఒమెంతియెంగ్వ ను ఇ ⁎మంగల్ద

ఆ చుక్క ఎందుకని అడిగాడు. అది పువ్వులా కనబడేట్టు చెక్కుతానన్నాడు, సరే అన్నాను. వెనకవైపు చిన్న అక్షరాల్లో "మంగ మా మాట, మిగతావి టోల్కీన్‌వి" అని తెలుగులో ఉంటుంది.