ఫోన్‌లో ఇయర్‌ఫోన్ కన్నం తీసేయడం ఎవరికి లాభం?

లంకల తమ్ముడు:
అందరికీ నమస్కారమండి. విషయం చిన్నదే కానీ మా ఇంట్లో వారం రోజులుగా ఇదే గొడవ. అందుకే ఇక్కడ పెడుతున్నా.

మా నాన్న రాజోలు దగ్గర రొయ్యల చెరువు కాపలాకి వెళ్తారు. రాత్రి తొమ్మిదికి మకాం చేరితే మళ్ళీ తెల్లారి ఆరింటికే ఇంటికి రావడం. పాత ఫోన్ చచ్చిపోతే మొన్న రావులపాలెంలో పదిహేడు వేలు పోసి కొత్తది కొన్నాను. డబ్బా విప్పగానే ఆయన అడిగింది ఒక్కటే, "పిన్ను పెట్టే కన్నం ఏదిరా?" అని. నాలుగు వైపులా తిప్పి చూశాను. కింద ఛార్జింగ్ కన్నం తప్ప ఇంకేం లేదు. షాపతనికి ఫోన్ చేస్తే "ఇప్పుడన్నీ ఇంతేనండి, బడ్స్ తీసుకోండి" అన్నాడు, అంటే తీగ లేకుండా బ్లూటూత్‌తో చెవిలో పెట్టుకునేవి.

నాన్నకి కావలసింది ఒక చెవిలో పాటలు, రెండో చెవిలో ఏరియేటర్ల, అంటే చెరువు నీళ్ళని చిలికి గాలి కలిపే మిషన్ల మోత. చెరువులు తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి, ఆలస్యమైతే పంట పోయినట్టే. అందరికీ అలారం అంటే మోగడం. ఆయనకి అలారం అంటే మోత ఆగిపోవడం.

ఒక్క బడ్డే పెట్టుకోవచ్చుగా అంటారేమో, అదీ అయింది. మూడో రాత్రి చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత తిన్నాయో చూద్దామని వంగారట, చెవిలోది బుడుంగున చెరువులో పడింది. ఇప్పుడు రొయ్యలు పాటలు వింటున్నాయని అమ్మ ఎగతాళి. తీగ ఉన్నదైతే జారినా మెడకి వేలాడేది కదా.

ఆ కన్నం తీసేసి మనకి ఇచ్చిందేమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

భీమారం కుర్రాడు:
అన్నా, నాన్నగారి ఇబ్బంది అర్థమైంది. కానీ ఒక్క చెరువుని చూసి లోకం మొత్తానికి తీర్పు చెప్పేయకూడదు. నాది హైదరాబాదులో ఉద్యోగం. నెలకి రెండుసార్లు రాత్రి బస్సెక్కి ఊరొస్తా. వైర్ల రోజుల్లో నా జేబులో ఉండేది ఇయర్‌ఫోన్ కాదు, చిక్కు పడిన జడ. అది విప్పేసరికి సూర్యాపేట వచ్చేసేది. ఏడాదికి మూడు తెగ్గొట్టేవాణ్ణి. బడ్స్ కొని రెండేళ్ళు దాటింది, ఇంకా అదే జత.

2016 సెప్టెంబరులో యాపిల్ వాళ్ళు ఐఫోన్ 7లో తీసేస్తే అందరూ నవ్వారు. వేదిక మీద వాళ్ళ మార్కెటింగ్ పెద్ద ఫిల్ షిల్లర్ దాన్ని "ధైర్యం" అన్నాడని ఇంకా నవ్వారు. మా పిక్సెల్‌లో కన్నం ఉందహో అని యాడ్‌లో గొప్పలు పోయిన గూగుల్, 2017లో పిక్సెల్ 2 నుంచి తీసేసింది. వెక్కిరించిన శామ్‌సంగ్ 2019లో నోట్ 10 నుంచి తీసేసింది. వీళ్ళందరికీ ఒకేసారి పిచ్చెక్కిందంటారా? ఫోన్ లోపల చోటు బంగారం. ఆ చోట్లో కెమెరాకో, వైబ్రేషన్ మోటారుకో, బ్యాటరీకో వీలవుతుంది.

శృతి పెట్టె:
చోటు సంగతి నాకు తెలియదు బాబూ. తాళం సంగతి తెలుసు.

అమలాపురంలో పిల్లలకి సంగీతం చెప్తాను. కొందరు విదేశాల్లో ఉంటారు, వాళ్ళకి ఆన్‌లైన్‌లోనే. పోయిన నెల ఒక పిల్లకి మృదంగం ట్రాక్ ఇచ్చి, అది చెవిలో పెట్టుకుని సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడి, రెండూ కలిపి రికార్డు చేసి పంపమన్నాను. మొదటి కాలం ఏదోలా ఉంది. రెండో కాలానికి వెనకబడింది. మూడో కాలం వచ్చేసరికి దాని దారి దానిదే, మృదంగం దారి మృదంగానిదే. గట్టిగా చీవాట్లు పెట్టాను. ఏడ్చింది కూడా.

తీరా చూస్తే పాపం పిల్ల తప్పు కాదు. కొత్తగా కొన్న బ్లూటూత్ బడ్స్. ఫోన్‌లో పడిన దెబ్బ చెవిలోకి వచ్చేసరికి సెకనులో ఐదో వంతు ఆలస్యం. మీకు అదేం లెక్క కాకపోవచ్చు. తాళం సెకనుకో దెబ్బ నడుస్తోందనుకోండి, మూడో కాలంలో దెబ్బకి నాలుగు స్వరాలు, అంటే స్వరానికి పావు సెకను. ఐదో వంతు జారితే దాదాపు ఒక స్వరం మొత్తం పక్కింట్లో ఉన్నట్టు. వాళ్ళ నాన్నగారు అటక మీంచి పాత వైరు ఇయర్‌ఫోన్ తీసిచ్చారు. పిల్ల అదే, గొంతు అదే, తాళం చక్కగా కూర్చుంది.

ఇంకోటి. క్లాసులో బడ్స్ మైకు ఆన్ చేస్తే పిల్లల గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. గమకం అందులో ఎక్కడ వెతుక్కోను?

భీమారం కుర్రాడు:
మేడమ్, మైకు విషయం ఒప్పుకుంటా. పాత బ్లూటూత్ పద్ధతిలో మైకు వాడగానే పాటల మోడ్ వదిలేసి ఫోన్ కాల్ మోడ్‌లోకి దిగిపోతుంది, అందుకే ఆ బావి సౌండు. దానికోసమే 2020లో ఎల్ఈ ఆడియో అని కొత్తది ప్రకటించారు. ఫోనూ బడ్సూ రెండూ దానికి పనికొచ్చేవి అయితే బాగానే ఉంటుంది. ఆలస్యం అంటారా, సినిమా చూస్తే యాప్ బొమ్మని కూడా అంతే ఆపి చూపిస్తుంది, మనకి తెలియదు.

శృతి పెట్టె:
సినిమాలో హీరోని ఆపొచ్చు నాయనా. పాడేవాళ్ళ గొంతుని ఎవరాపుతారు?

పనసతొన:
ఇంత రామాయణం ఎందుకు, కన్నం ఉన్న ఫోన్ కొనుక్కుంటే పోలా? తక్కువ రేటు ఫోన్లకి ఇంకా ఇస్తున్నారుగా.

లంకల తమ్ముడు:
అదే నాకూ వింతగా ఉందండి. తొమ్మిది వేల ఫోన్‌కి ఉన్నది పదిహేడు వేల ఫోన్‌కి లేదు. ఎక్కువ డబ్బిచ్చి తక్కువ తెచ్చుకున్నట్టయింది.

సెల్ డాక్టర్, పాలకొల్లు:
పదహారేళ్ళుగా ఫోన్లు విప్పుతున్నా, రెండు వైపులా నాలుగు ముక్కలు చెప్తా.

ముందు కన్నం మీద ఫిర్యాదు. అదేమీ పతివ్రత కాదు. మన ఊళ్ళ తేమకి, నరసాపురం అంతర్వేది వైపైతే ఉప్పుగాలికి, లోపలి రేకుల మీద పచ్చగా చిలుము పడుతుంది. అప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టకపోయినా స్క్రీన్ పైన హెడ్‌సెట్ బొమ్మ వచ్చి కూర్చుంటుంది. స్పీకర్ పలకదు, కాల్ ఎత్తితే అవతలి మాట వినపడదు. జనం ఫోన్ పోయిందని కంగారుగా తెస్తారు. అగ్గిపుల్లకి పీచంత దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, లోపల రెండు తిప్పులు తిప్పితే చాలాసార్లు బొమ్మ పోతుంది. దూది మాత్రం పచ్చగా వస్తుంది. వైరు ఏ కొక్కేనికో తగులుకుని ఫోన్ కూడా చెరువులోకి లాక్కుపోయిన కేసులు కూడా వచ్చాయి నా దగ్గరికి. తమ్ముడూ, మీ నాన్నగారిది బడ్డే పోయింది, సంతోషించు.

ఇక రెండోవైపు. నీళ్ళు దిగకుండా తీసేశాం అనే మాట నేను నమ్మను. శామ్‌సంగ్‌వి 2014లో గెలాక్సీ ఎస్5, 2016లో ఎస్7, రెండూ నీటిని తట్టుకున్నవే, రెండింటికీ కన్నం ఉంది. సోనీ వాళ్ళు తీసేసినట్టే తీసేసి 2020లో ఎక్స్‌పీరియా 1 మార్క్ 2లో మళ్ళీ పెట్టారు. పెట్టాలనుకుంటే చోటు దొరుకుతుందన్నమాట. ఇంకో సంగతి, ఐఫోన్ 7 ప్రకటించిన రోజునే, అదే వేదిక మీద, 159 డాలర్ల ఎయిర్‌పాడ్స్ కూడా ప్రకటించారు. మొదట్లో పాత ఇయర్‌ఫోన్‌ని ఛార్జింగ్ కన్నానికి తగిలించే కన్వర్టర్ డబ్బాలో పెట్టేవారు, 2018 నుంచి అదీ మానేశారు. ధైర్యమో లెక్కో మీరే చూసుకోండి.

అసలు నష్టం నా బల్ల మీద కనిపిస్తుంది. వైరు ఇయర్‌ఫోన్ తెగితే టంకం పెట్టి ముప్పై రూపాయలు తీసుకునేవాణ్ణి. బడ్స్‌లో ఉండేది చింతగింజంత బ్యాటరీ. రోజూ వాడితే రెండు మూడేళ్ళకి నీరసపడిపోతుంది. మార్చుదామంటే జిగురుతో అతికించేసి ఉంటుంది, విప్పితే విరుగుతుంది. నా దగ్గర బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి, పారెయ్యడానికి మనసు రాక. ఇది ఒకటైతే, ఇప్పుడు టైప్-సి కన్నం మీద రెండు ఎడ్ల బరువు. ఛార్జింగూ దానికే, కన్వర్టరూ దానికే. గుండ్రటి కన్నం పోతే ఫోన్ బతికే ఉంటుంది. టైప్-సి పోతే పడుకున్నట్టే.

శాస్త్రం మాష్టారు:
నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మీరంతా కుర్రాళ్ళు కాబట్టి ఓపిగ్గా చదవండి.

ఆ పిన్ను మీ సెల్‌ఫోన్ కంటే చాలా పెద్దది వయసులో. 1878 ప్రాంతంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు ఒక లైనుని ఇంకో లైనుకి కలపడానికి వాడిన ప్లగ్గుది ఆ వంశం. అది పావంగుళం లావు. ట్రాన్సిస్టర్ రేడియోల కాలానికి 3.5 మిల్లీమీటర్లకి సన్నబడింది, 1979లో వాక్‌మన్ వచ్చాక ఇంటింటికీ వెళ్ళింది. నూట నలభై ఏళ్ళు ఆకారం మారకుండా నడిచిన వస్తువులు ఎన్నో లేవు. కాబట్టి దాని మీద నాకు గౌరవమే.

అయినా నా ఓటు వైర్‌లెస్‌కి. నాకు రెండు చెవులకీ వినికిడి మిషన్లు. మిషన్ పెట్టుకున్న చెవిలో మీ వైరు ఇయర్‌ఫోన్ ఎక్కడ దూరుస్తాను? ఫోన్ దగ్గరగా ఆనిస్తే మిషన్ కుయ్యిమని కూసేది. పదేళ్ళు ఫోన్ మోగితే మా ఆవిడకి ఇచ్చేసేవాణ్ణి. పోయిన సంక్రాంతికి మా అబ్బాయి బ్లూటూత్ మిషన్లు కొన్నాడు. కాల్ వస్తే మాట తిన్నగా మిషన్‌లోకే వస్తుంది. మనవరాలు "తాతయ్యా, నీకు వినపడుతోందా" అని అలవాటుగా అరిచింది. అరవక్కర్లేదే అని చెప్పడానికి నాకు గొంతు రాలేదు. వైర్‌లెస్‌ని తిట్టేటప్పుడు మాలాంటి వాళ్ళని కూడా ఒకసారి తలుచుకోండి.

రేవు పడవ:
మాష్టారూ, మీ మాట కాదనను. కానీ తుపాను సంగతేంటండి? మాది ఐ.పోలవరం వైపు. టవర్లు పడిపోతే ఫోన్‌లో ఎఫ్‌ఎం ఒక్కటే దిక్కు. ఇయర్‌ఫోన్ తీగ లేకపోతే అదీ రాదు కదా.

శాస్త్రం మాష్టారు:
నిజమే. ఎఫ్‌ఎం తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. దానికి ఏరియల్ నాలుగో వంతు, అంటే ముప్పావు మీటరైనా ఉంటే మంచిది. ఇయర్‌ఫోన్ తీగ అంతకు కాస్త ఎక్కువే. అందుకే "హెడ్‌సెట్ పెట్టండి" అని ఫోన్ అడుగుతుంది. బ్లూటూత్‌కి తీగే లేదు, ఏరియల్ ఎక్కడిది? 2023లో కేంద్ర ఐటీ శాఖ కూడా ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంచండని తయారీదారులకి సలహా ఇచ్చింది, విపత్తుల్లో పనికొస్తుందనే.

కానీ ఒక దిద్దుబాటు. 1996 నవంబరు 6 రాత్రి కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే విరిగి పడుతుంటే మేం చెవి ఒగ్గి విన్నది ఎఫ్‌ఎం కాదు, విజయవాడ ఆకాశవాణి. మీడియం వేవ్. ఆ కన్నం ఉన్న ఫోన్‌లో కూడా అది రాదు. తుపాను కోసమైతే సెల్లు వేసుకునే ట్రాన్సిస్టర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. నాది ఇంకా పలుకుతుంది.

లంకల తమ్ముడు:
మాష్టారూ, మీ మనవరాలి సంగతి చదివి అమ్మకి కూడా వినిపించాను. అమ్మమ్మకి ఆ మిషన్లు అడుగుదామంటోంది.

అయినా నా గోల వేరండి. మీ మిషన్‌కి బ్లూటూత్ కావాలి, మా నాన్నకి కన్నం కావాలి. ఈ రెండూ ఒకే ఫోన్‌లో ఏళ్ళ తరబడి కాపురం చేశాయి. బ్లూటూత్ పెట్టినందుకు ఎవరైనా ఏడ్చారా? కన్నం ఉంచితే మీ మిషన్ పనిచేయడం మానేస్తుందా? కొత్తది ఇచ్చినందుకు కాదు, పాతది లాక్కున్నందుకు నా బాధ. కన్నం ఉన్నప్పుడు ఛార్జింగ్ అడగలేదు, జత చేయమనలేదు, అప్‌డేట్ అనలేదు. ఆ పనులన్నీ ఇప్పుడు అరవై ఏళ్ళ మనిషి నెత్తిన పడ్డాయి.

భీమారం కుర్రాడు:
అన్నా, దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఉంచి ఉంటే నేనూ వద్దనేవాణ్ణి కాదు. కానీ పోయింది తిరిగి రాదనుకుంటా. ఒక టైప్-సి కన్వర్టర్ కొనివ్వండి నాన్నగారికి.

లంకల తమ్ముడు:
కొన్నా తమ్ముడూ, నూట ఇరవై పెట్టి. సౌండే లేదు.

సెల్ డాక్టర్, పాలకొల్లు:
ఉండదు. కన్వర్టర్లు రెండు రకాలు. ఒకటి ఉత్త తీగ. ఫోనే సౌండుని తయారుచేసి టైప్-సి లోంచి బయటికి పంపితేనే అది పలుకుతుంది, చాలా ఫోన్లు పంపవు. రెండోదాంట్లో డాక్ అని చిన్న చిప్పు ఉంటుంది. ఫోన్ అంకెలు పంపితే సౌండుగా మార్చేది అదే. రెండూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. కొనేముందు "డాక్ ఉందా" అని అడిగి, షాపులోనే మీ ఫోన్‌కి పెట్టి పాట వేయించుకుని తీసుకో. ఛార్జింగ్ పెడుతూ వినాలంటే రెండు మూతులున్నది అడగాలి.

లంకల తమ్ముడు:
చాలా థాంక్స్ అన్నా. నిన్న చిప్పున్నది తెచ్చాను, పాట బాగానే పలికింది. కానీ నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని కూడా చెరువులో పడేసుకోనా" అన్నారు. అమ్మ కీప్యాడ్ ఫోన్ తీసేసుకున్నారు. దానికి గుండ్రటి కన్నం ఉంది, ఎఫ్‌ఎం ఉంది, వారానికోసారి ఛార్జింగ్. మెమరీ కార్డులో పాత పాటలు ఎక్కించి ఇచ్చాను, రాత్రి మకాంకి పట్టుకెళ్ళారు.

పదిహేడు వేల ఫోన్ ఇప్పుడు అమ్మ దగ్గరుంది. సీరియల్ చూస్తోంది, స్పీకర్ ఫుల్లుగా పెట్టి. పక్కింటివాళ్ళు కథ ఎంతవరకు వచ్చిందో వంటింట్లోంచే చెప్తున్నారు.